పొంగలి నుంచి దప్పు దాకా: పాండిచ్చేరి ఉత్తర్వు (ధారావాహిక – 5వ భాగం)

కిందటి భాగంలో ఇద్దరిని చూశాం. జనవరి ఒకటో తేదీన రోమన్లు చేసుకునే సంబరాల దరిదాపులకు పోవద్దని ఉత్తర ఆఫ్రికాలో తన సంఘానికి గట్టిగా, సుదీర్ఘంగా చెప్పిన ఆగస్టీన్ ఒకరు. ఇంగ్లండులో పాత గుళ్లు కూలగొట్టొద్దు, విగ్రహాలు తీసి తీర్థం చల్లి వాడుకోండి, ఎద్దుల్ని కోసుకు తినే వేడుకను కూడా చర్చి చుట్టూ పందిళ్లు వేసి అక్కడే జరుపుకోనివ్వండి అని 601లో ఉత్తరం రాసిన పోపు గ్రెగరీ ఇంకొకరు. చర్చి ఒకటే, జవాబులు రెండు. వెయ్యేళ్లు గడిచాక ఆ రెండు జవాబులూ మన దక్షిణాదిలో ఎదురెదురు పడ్డాయి.

1703 నవంబరులో పాండిచ్చేరి రేవులో ఒక పెద్దమనిషి దిగాడు. పేరు షార్ల్ తొమా మయార్ ద టూర్నో. టూరిన్‌లో పుట్టినవాడు, అప్పటికి ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు. పోపు ఆయనకు అంతియొకయ పాట్రియార్క్ అన్న బిరుదిచ్చి, తన ప్రతినిధిగా చైనాకు పంపుతున్నాడు. దారిలో హిందూదేశపు పాద్రీల గొడవ కూడా తేల్చి వెళ్లమన్నారు. వచ్చీరాగానే జబ్బుపడ్డాడు. ఎనిమిది నెలలు పాండిచ్చేరిలోనే ఉండిపోయాడు. మదురై వైపు గాని, తెలుగు పల్లెల వైపు గాని ఒక్కసారీ వెళ్లలేదు. లోపలి ఊళ్లలో పనిచేసే ఇద్దరు జెసూట్ పాద్రీలను పిలిపించి అడిగాడు, కాగితాలు చదివాడు, 1704 జూన్ 23న పదహారు అంశాల ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. జూలై 8న దాన్ని చాటించారు. మూడు రోజులకు ఓడెక్కి చైనాకు వెళ్లిపోయాడు. ఆ ఉత్తర్వు సృష్టించిన రభస మాత్రం నలభై ఏళ్లు నడిచింది.

గొడవ మొదలు తెలియాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి. 1606లో రొబెర్తో దె నొబిలి అనే ఇటాలియన్ యువకుడు మదురై చేరాడు. అక్కడ అప్పటికే గొంసాలో ఫెర్నాందిస్ అనే పోర్చుగీసు పాద్రీ ఉన్నాడు. ఒకప్పటి సైనికుడు. తీరం నుంచి వచ్చే పరవ క్రైస్తవులను చూసుకునేవాడు. ఊళ్లో హిందువులు మాత్రం ఒక్కరూ ఆయన దగ్గరికి రాలేదు. కారణం నొబిలికి తొందరగానే అర్థమైంది. గొడ్డుమాంసం తిని, సారా తాగి, స్నానం లేకుండా తిరిగే తెల్లవాణ్ని జనం పరంగి అంటారు. క్రైస్తవుడు కావడమంటే పరంగి కావడమేనని వాళ్ల నమ్మకం. నొబిలి కాషాయం కట్టాడు, మాంసం మానాడు, బ్రాహ్మణ వంటవాణ్ని పెట్టుకున్నాడు, పావుకోళ్లు తొడిగాడు. తాను పరంగిని కానని 1611లో తాటాకు మీద రాయించి ఇంటి తలుపుకు అంటించాడు. తమిళంతో పాటు తెలుగూ నేర్చాడు. నేర్వక తప్పదు మరి, మదురైని ఏలుతున్న నాయక రాజులు తెలుగువాళ్లు, కొలువు భాష తెలుగు. ఆయనకు సంస్కృతం చెప్పిన శివధర్ముడు కూడా తెలుగు బ్రాహ్మణుడే. తర్వాత ఆయన బోనిఫేస్ అన్న పేరుతో జ్ఞానస్నానం పుచ్చుకున్నాడు.

ఇక్కడే అసలు ప్రశ్న లేచింది. శివధర్ముడు జందెం తీసేయాలా? పిలక కత్తిరించాలా? నుదుటి గంధం తుడిచేయాలా? నొబిలి జవాబు నేటికీ ఈ చర్చలో అందరూ తిరిగి తిరిగి చెప్పేదే. దేవతకు చేసే పూజ వేరు, కులానికీ హోదాకూ గుర్తుగా లోకం పాటించే ఆచారం వేరు. మొదటిది వదిలేయాలి, రెండోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. రెండూ కలిసిపోయిన చోట పూజ భాగం విడదీసి, మిగిలినది ఉంచుకోవచ్చు. అలా విడదీసిన వాటిలో ఒకటి పొంగలి. సంక్రాంతికి కొత్త బియ్యం, పాలు పొంగించి సూర్యుడికి నివేదించే పండుగ ఊరంతటిదీ. ఆ రోజు కొత్తగా మతం పుచ్చుకున్న ఇంట్లో పొయ్యి రాజకపోతే ఆ కుటుంబం ఊరికి పరాయిదైపోతుంది. నొబిలి ఒక శిలువ పాతించి, దాని పాదాల దగ్గర పొయ్యి పెట్టుకుని పొంగలి వండుకోమన్నాడు. బియ్యం అదే, పాలు అవే, రోజూ అదే. దండం మాత్రం వేరే దిక్కుకు. పోపు గ్రెగరీ ఎద్దుల పండుగ విషయంలో చెప్పింది సరిగ్గా ఇదే.

ఫెర్నాందిస్‌కు ఇది ఒళ్లుమండించింది. పక్కనే మరో చర్చి కట్టుకుని, తన చర్చికి వచ్చేవాళ్లతో కలవకుండా ఉండే ఈ పాద్రీని చూసి 1610లో పైకి ఫిర్యాదు రాశాడు. ఆయన్ను మొరటు సైనికుడిగా కొట్టిపారేయడం నొబిలి అభిమానులకు అలవాటు. కానీ 1616లో ఆయన బ్రాహ్మణుల కర్మకాండ మీద పోర్చుగీసులో పెద్ద గ్రంథమే రాశాడు. పుట్టుక నుంచి చావు దాకా ఏ తంతులో ఏ మంత్రం ఉందో, ఏది ఎందుకు చేస్తారో విప్పి చూపాడు. ఇందులో పూజ కాని ఆచారం ఏది, ఎక్కడ కోస్తావు అన్నది ఆయన వాదం. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు నొబిలి దగ్గర పూర్తి జవాబు లేదు. రోమ్‌లో ఉన్న బంధువు కార్డినల్ బెల్లార్మిన్ కూడా మొదట ఇతను మతం మార్చేశాడేమోనని కలవరపడి మందలిస్తూ ఉత్తరం రాశాడు, వివరణ అందాక తగ్గాడు. 1619లో గోవాలో పెద్దల సభ జరిగింది. ఆర్చిబిషప్ నొబిలికి ఎదురు తిరిగాడు. చివరికి 1623 జనవరి 31న పోపు గ్రెగరీ 15 తీర్పు వచ్చింది. జందెం, పిలక, గంధం, స్నానం ఉంచుకోవచ్చు, గుడి సంబంధం, మంత్రాలు ఉండకూడదు. ఆ తీర్పులో చివరి మాట ఒకటుంది. ఎక్కువ పుట్టుక పుట్టామనుకునే వాళ్లు తక్కువవాళ్లను ఈసడించవద్దని, వాక్యం వినేటప్పుడు గాని, సంస్కారాలు అందుకునేటప్పుడు గాని వాళ్ల నుంచి వేరుగా నిలబడవద్దని పోపు బతిమాలాడు. గంధానికి దొరికిన అనుమతి అందరికీ గుర్తుంది. ఈ చివరి మాట మాత్రం మదురైలో ఎవరికీ పట్టలేదు.

నొబిలి 1656లో మైలాపూరులో చనిపోయాడు. ఆయన పద్ధతినే ఫ్రెంచి జెసూట్‌లు అందుకున్నారు. 1700 ప్రాంతంలో పాండిచ్చేరి నుంచి ఉత్తరంగా, పడమరగా కదిలి కర్ణాటక మిషన్ అని మొదలుపెట్టారు. పేరు కర్ణాటకమే గాని పనంతా చాలావరకు తెలుగు నేల మీదే. నేటి చిత్తూరు వైపు పుంగనూరు, ఇంకా పైన అనంతపురం పల్లెలు. కాషాయాలు, శాకాహారం, తెలుగు మాట. వాళ్లు స్వదేశానికి రాసిన ఉత్తరాలు ఫ్రాన్సులో అచ్చయి, మన పల్లెల ముచ్చట్లు పారిస్ వాళ్లకు కాలక్షేపమయ్యాయి. ఈ మిషన్‌కు పెద్ద వెనాన్ బూషే. టూర్నో పిలిపించి అడిగిన ఇద్దరిలో ఆయనొకడు. అదే సమయంలో పాండిచ్చేరి పట్నంలో తమిళ క్రైస్తవుల బాధ్యత కపుచిన్ సన్యాసుల చేతి నుంచి తీసి జెసూట్‌లకు ఇచ్చారు. మండిపడ్డ కపుచిన్‌లు జెసూట్‌ల మీద పోగుచేసిన ఫిర్యాదులే టూర్నో ముందున్న కాగితాల్లో సగం.

ఇక ఆ పదహారు అంశాల్లో ఏముందో చూద్దాం. జ్ఞానస్నానంలో ఉప్పు, ఉమ్మి, ఊపిరి ఊదడం మానకూడదు. ఉమ్మిని ఈ దేశంలో ఎంత అసహ్యించుకుంటారో తెలిసిన పాద్రీలు దాన్ని వదిలేశారు, టూర్నో మళ్లీ పెట్టమన్నాడు. క్రైస్తవ స్త్రీల తాళి మీద పిళ్లైయార్, అంటే వినాయకుడి బొమ్మ ఉండకూడదు, శిలువో మరియమ్మ బొమ్మో ఉండొచ్చు. తాళిని నూటెనిమిది పోగుల పసుపుతాడుకు కట్టకూడదు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టకూడదు, అది పగిలిన తీరును బట్టి శకునం చూస్తారు గనక. ఆడపిల్ల సమర్తాడితే పేరంటం చేయకూడదు. ఆవుపేడ విబూది పూసుకోకూడదు. ఇతర మతాల కథల పుస్తకాలు చదవకూడదు. చిన్నపిల్లల పెళ్లిళ్లు కుదరవు. ఈ జాబితా చదివితే మన పెద్దమ్మల పెత్తనం కింద జరిగే ప్రతి శుభకార్యమూ టూర్నో కంట్లో పడిందనిపిస్తుంది. ఇందులో తమాషా ఏమంటే, ముట్టుతో ఉన్న స్త్రీలను చర్చికి, సంస్కారాలకు దూరం పెట్టకూడదని కూడా ఆయనే రాశాడు. సమర్త వేడుక వద్దన్న చేత్తోనే ముట్టు మైల కాదన్నాడు. ఆ రెండింటినీ కలిపి చూసిన చరిత్రకారులు తక్కువ.

పండుగల సంగతికొస్తే, ఆ ఉత్తర్వులో ఒక అంశం నన్ను మిగతా వాటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేస్తుంది. విగ్రహాల ఉత్సవాల్లో, బలుల్లో క్రైస్తవులు దప్పులు కొట్టకూడదు, సన్నాయి వంటివి వాయించకూడదు అని. నొబిలి కాలం నుంచి సాగిన వాదమంతా జందెం వేసుకున్నవాడి గురించి. పండుగలో పాల్గొనాలా వద్దా అన్నది అలాంటివాడికి ఇష్టాయిష్టాల సంగతి. దప్పు కొట్టేవాడికి అది ఇష్టాయిష్టాల సంగతి కానే కాదు. తమిళ ఊళ్లలో పరయర్లకు, మన ఊళ్లలో మాదిగలకు అమ్మవారి జాతరలో, చావులో, ఊరేగింపులో వాయిద్యం ఊరు అప్పజెప్పిన వెట్టి. దానికి బదులుగా కళ్లంలో నాలుగు కుంచాల గింజలు, ఎక్కడైనా కాస్త మాన్యం. జాతర రోజు దప్పు కొట్టనంటే ఆ గింజలు పోతాయి, ఆ మాన్యమూ పోతుంది, వీపు కూడా పగలొచ్చు. కొట్టకూడదని రాసిన పాట్రియార్క్ గారు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో రాయలేదు. పొంగలికి శిలువ పాదాల దగ్గర చోటు చూపించిన నొబిలి వారసులకు కూడా దప్పుకు ఏ చోటు చూపించాలో తోచలేదు. పొంగలి వండుకునేది తన ఇంటి ముందు, తన కోసం. దప్పు మోగేది ఇంకొకరి కోసం, ఇంకొకరి ఆజ్ఞ మీద.

మరో అంశం వల్ల జెసూట్‌లకు నిజంగా ముల్లు గుచ్చుకుంది. పరయర్ల ఇళ్లలో ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే పాద్రీలు ఆ ఇంటికే వెళ్లి సంస్కారాలు ఇవ్వాలని టూర్నో ఆజ్ఞాపించాడు. అప్పటిదాకా రోగిని మంచంతో సహా మోసుకుని బయటికి, చర్చి దాకా తీసుకురమ్మనేవారు. ఆ గుడిసెలోకి అడుగుపెట్టిన పాద్రీని పై కులాలవాళ్లు మళ్లీ గడప తొక్కనివ్వరని జెసూట్‌ల వాదన. వాదన అబద్ధం కాదు, ఆ పని చేస్తే అలాగే జరిగేది. కానీ ఈ ఉత్తర్వును తలచుకోగానే నొబిలి పక్షాన్ని ఉదారులుగా, టూర్నోను మన సంస్కృతి తెలియని మొండివాడిగా రాయడం ఆనవాయితీ అయిపోయింది. చచ్చిపోతున్న మనిషి గుమ్మం దగ్గర ఎవరు ఉదారులో, ఎవరు మొండివాళ్లో మళ్లీ చూసుకోవాలి. స్థానిక ఆచారాన్ని గౌరవించడమంటే ఊరి పెత్తందారుల ఆచారాన్ని గౌరవించడమేనని ఇక్కడ తేలిపోతోంది. పాండిచ్చేరి గది దాటి బయటికి రాని మనిషికి కొబ్బరికాయ సంగతి ఏమీ తెలియదు. గుడిసె సంగతి మాత్రం బాగానే తెలిసింది.

ఉత్తర్వు అమలు కాలేదు. గోవా ఆర్చిబిషప్, మైలాపూరు బిషప్ ఎదురు తిరిగారు, పాండిచ్చేరి ఫ్రెంచి పాలక మండలి దాన్ని తోసిపుచ్చింది. టూర్నో చైనాలో పితృదేవతల పూజల మీద మరో ఉత్తర్వు వేసి, చక్రవర్తి కోపానికి గురై, మకావులో నిర్బంధంలో 1710లో చనిపోయాడు. రోమ్‌లో కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి. 1734లో కొంత సడలించారు. 1744 సెప్టెంబరు 12న పోపు బెనెడిక్ట్ 14 ఇక చాలించమన్నాడు. ఆచారాల మీద నిషేధం ఖాయం. ప్రతి పాద్రీ ఈ ఉత్తర్వు పాటిస్తానని ప్రమాణం చేయాలి. మరి పరయర్ల ఇళ్ల సంగతి? దానికి జెసూట్‌లే ఒక ఉపాయం చెప్పారు, పోపు మెచ్చుకున్నాడు కూడా. కొందరు పాద్రీలను పరయర్లకే కేటాయిస్తారు. వాళ్లు ఆ ఇళ్లకు వెళ్తారు, మిగతావాళ్లు వెళ్లనక్కర్లేదు. కొబ్బరికాయ బయటికి పోయింది, కులం లోపలే ఉంది.

ఆ ప్రమాణం 1940 దాకా రద్దు కాలేదు. అంటే తెలుగు కతోలికుల్లో మా తాతల తరం వరకు వచ్చిన ప్రతి విదేశీ పాద్రీ ఈ ప్రమాణం చేసే వచ్చాడన్నమాట. అది అమల్లో ఉండగానే 1924లో విజయవాడ దగ్గర గుణదల కొండ మీద మేరీమాత విగ్రహం వెలిసింది. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడ జరిగే తిరునాళ్లకు వెళ్లి చూడండి. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, ముడుపులు కడతారు. వచ్చేవాళ్లలో హిందువులూ కొల్లలు. పదహారు అంశాల కాగితం ఎక్కడ ఓడిపోయిందో తెలుసుకోవడానికి పాత దస్తావేజులు తిరగేయనక్కర్లేదు.

కానీ దప్పు కథ గుణదలలో తేలలేదు. అది ఒంగోలు వైపు తేలింది, టూర్నో ఉత్తర్వుకు నూట అరవై ఏళ్ల తర్వాత, కతోలికులతో సంబంధమే లేని చోట. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. అదే ఏడు యర్రగుంట్ల పేరయ్య జ్ఞానస్నానం పుచ్చుకున్నాడు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. అంతకుముందు యోగి నాసరయ్య మార్గంలో తిరిగినవాడు. దొర ఊళ్లోకి రాకముందే పేరయ్య పల్లె పల్లెకూ నడిచి చెప్పుకొచ్చాడు. 1867 జనవరి ఒకటిన ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడంటే మూడు. ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలను మొక్కొద్దు.

మూడూ చిన్నవిగా కనిపిస్తాయి. ఊరి కరణానికి, మునసబుకి అవి చిన్నవి కావు. ఆదివారం చెప్పుల పని, పొలం పని ఆగింది. అమ్మవారి జాతరలో దప్పు ఆగింది. జాతరకు దప్పు లేకపోతే అమ్మవారు శాంతించదు, ఊరికి కలరా తగులుతుంది, వానలు పడవు. పెత్తందార్ల కోపంలో అధికారం పోతుందన్న దుగ్ధ ఎంతో, నిజమైన భయమూ అంతే ఉండి ఉంటుంది. నీళ్లు బంద్ చేశారు, కూలి బంద్ చేశారు, దొంగ కేసులు బనాయించారు. క్లౌ స్వయంగా చెప్పుకున్న వివరాల్లో, తర్వాత ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పాత మాదిగ క్రైస్తవుల నోటి నుంచి విని రాసిన పుస్తకంలో ఈ కష్టాలు పదే పదే వస్తాయి. 1876–78 ధాత కరువు, బకింగ్‌హామ్ కాలువలో క్లౌ పట్టిన మూడున్నర మైళ్ల కాంట్రాక్టు, కరువు తగ్గేదాకా ఎవరికీ జ్ఞానస్నానం ఇవ్వనని ఆయన పట్టుబట్టడం, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది మునగడం చాలామంది విన్న కథే. ఆ అంకె మోతలో దానికి పదేళ్ల ముందు ఆగిన దప్పుల మౌనం వినబడకుండా పోయింది.

1704లో టూర్నో, 1867లో క్లౌ పైకి ఒకే మాట చెప్పారు, విగ్రహాల పండుగలో వాయించొద్దని. మొదటిసారి అది కాగితం మీద ఉండిపోయింది. రెండోసారి ఊరూరా నిలబడింది. తేడా దొరల్లో లేదని నా అభిప్రాయం. పాండిచ్చేరిలో దప్పు కొట్టేవాణ్ని ఎవరూ అడగలేదు. ఒంగోలు చుట్టుపక్కల వద్దనడానికి ఒక కారణం కోసం అతనే ఎదురుచూస్తున్నాడు. వెట్టి దప్పు ఎత్తనని చెప్పడానికి శుక్రవారమో పౌర్ణమో కాకుండా దేవుడి పేరున ఒక ఆదివారం చేతికొచ్చింది. అదే మనిషి తన పెళ్లిలో, తన ఇంట్లో పాట దగ్గర దప్పు వాయించుకోవడం మానాడా అంటే, కొన్ని ఊళ్లలో మానాడు, కొన్ని ఊళ్లలో మానలేదు. మిషన్ బంగళాల్లో హార్మోనియం వచ్చి కూర్చుంది. దప్పు చర్చి లోపలికి రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. అదీ దళిత వేదాంతులు గొడవ చేస్తేనే. మదురై క్రైస్తవ వేదాంత కళాశాలలో జె. థియోఫిలస్ అప్పావు పరయర్ల పాటనూ వాయిద్యాన్నీ ఆరాధనలోకి తెచ్చినప్పుడు ముక్కు విరిచినవాళ్లలో హిందువులకన్నా క్రైస్తవులే ఎక్కువ ఉంటే ఆశ్చర్యం లేదు.

సంక్రాంతి ముగ్గు వేసుకోవచ్చా, ఉగాది పచ్చడి తినొచ్చా, పొరుగింటివాళ్లు పంపిన దీపావళి మిఠాయి ముట్టొచ్చా అని నేటి సంఘాల్లో అడిగేవాళ్లు నొబిలి ప్రశ్న అడుగుతున్నారు. జాతర చందా ఇవ్వకపోతే వీధిలో నీళ్ల ట్యాంకరు ఆపుతారా అని అడిగేవాళ్లు దప్పు ప్రశ్న అడుగుతున్నారు. పాస్టర్లు ఎక్కువగా జవాబు చెప్పేది మొదటిదానికే. బైబిల్లో దానికి వచనాలు తేలిగ్గా దొరుకుతాయి.

ఈ రెండు ప్రశ్నలనూ ఒకేసారి ఎదుర్కోవలసి వచ్చిన తెలుగు ప్రాంతపు బిషప్ ఒకరున్నారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య. ఆయన్ను ఆ పీఠానికి తెచ్చిన మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ తానే తెలుగు గ్రామదేవతల జాతరల మీద, దున్నపోతు బలుల మీద, అందులో మాల మాదిగల పాత్ర మీద 1916లో పుస్తకం వేశాడు. జాతరను ఇంత దగ్గరగా చూసిన బిషప్‌లు, దాని స్థానంలో ఏం పెట్టాలనుకున్నారు? కోతపండుగ ఎక్కడి నుంచి వచ్చింది? వచ్చే వారం దోర్నకల్ వెళ్దాం.

(సశేషం)